ఒక ప్రెస్, నలుగురు దోస్తులు: అమెరికా గరాజుల్లో తూటాల రీలోడింగ్ చిక్కుముడి

డాలస్ చుట్టుపక్కల శనివారం పొద్దున ఏ షూటింగ్ రేంజికి వెళ్లినా ఒక దృశ్యం కనిపిస్తుంది. కాల్చినవాళ్లు కాల్చి వెళ్లిపోతారు, నేల మీద పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు పరుచుకుని ఉంటాయి. ఏ పెద్దాయనో వంగి ఒక్కొక్కటీ ఏరి ప్లాస్టిక్ బకెట్లో వేసుకుంటుంటాడు. చూసేవాళ్లకి చెత్త ఏరుతున్నట్టే ఉంటుంది. ఆయన మాత్రం వచ్చేవారం తూటాలకు సగం సరుకు ఊరికే దొరికిందని అనుకుంటున్నాడు. ఇంటికెళ్లి వాటిని కడిగి, కొత్త మందు పోసి, కొత్త గుండు బిగించి మళ్లీ తూటాలు చేసుకుంటాడు. దీన్నే రీలోడింగ్ అంటారు.

అమెరికాలో ఇది వందేళ్లు దాటిన అలవాటు. తుపాకులు కొనుక్కుంటున్న మన తెలుగువాళ్లలోనూ ఈ ఆసక్తి పుట్టగానే మొదట వచ్చే ఆలోచన ఒకటే. ‘సామాను అంతా కొనడానికి ఒక్కడికి బరువు. ఒకరి గరాజులో పెట్టుకుని నలుగురం వాడుకుంటే పోలా?’ వినడానికి బాగానే ఉంది. ఊళ్లో స్ప్రేయర్ ఒకరు కొంటే నాలుగిళ్లవాళ్లు వాడుకోరా? అయితే ఇక్కడ మరను, అంటే ప్రెస్‌ను, పంచుకోవడం ఒక సంగతి, మర కింద పెట్టే సరుకును పంచుకోవడం ఇంకో సంగతి. చట్టం ఈ రెండింటినీ వేరుగా చూస్తుంది, ప్రమాదాలు కూడా ఈ రెండు చోట్ల వేర్వేరుగా వస్తాయి. వీసా మీద ఉన్నవాడు ఆ నలుగురిలో ఒకడైతే చిక్కు మరింత బిగుసుకుంటుంది.

తూటా, గుండు, మందు: ఏది ఏమిటి

మనం మాటల్లో తూటా, బుల్లెట్, గుండు అన్నీ ఒకటే అన్నట్టు వాడేస్తాం. రీలోడింగ్ బల్ల దగ్గర అలా కుదరదు. తూటా అంటే నాలుగు భాగాల పొట్లం. అడుగున చిన్న బొత్తాం లాంటిది ప్రైమర్. తుపాకి పిన్ను కొట్టగానే నిప్పు పుట్టేది దాంట్లోనే. ఆ నిప్పుకి అంటుకుని వాయువుగా మారేది మందు. ఆ వాయువు నెట్టితే తుపాకి గొట్టం లోంచి దూసుకుపోయేది గుండు. ఈ మూడింటినీ పట్టి ఉంచేది కేసు. సాధారణంగా సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింకు కలిసిన ఇత్తడితో చేస్తారు కాబట్టి అందరూ ‘బ్రాస్’ అనే అంటారు.

స్కూలు చరిత్ర పుస్తకంలో 1857 తూటాల సంగతి అందరం చదివాం. ఎన్‌ఫీల్డ్ తుపాకి కోసం కాగితంలో మందూ గుండూ కలిపి చుట్టిన పొట్లాలవి. సిపాయిలు పళ్లతో చింపి వాడాల్సినవి. ఆ కాగితం ఒక్కసారితో సరి. తర్వాత లోహపు కేసు వచ్చాక కథ మారింది. తూటాలో అన్నింటికంటే ఖరీదైన భాగం పేలాక కూడా చెక్కుచెదరకుండా మిగిలిపోతోంది, దాన్ని పారేయడం దేనికి? 19వ శతాబ్దం చివర్లో అమెరికా పడమటి మైదానాల్లో అడవిదున్నల వేటగాళ్లు బండిలోనే సామాను పెట్టుకుని కేసులు మళ్లీ నింపుకునేవారు.

మందు గురించి రెండు మాటలు. నాటు తుపాకిలో దట్టించే పాతకాలపు బ్లాక్ పౌడర్ వేరు (నల్లమందు అని తెనిగిద్దామంటే ఆ పేరు తెలుగులో ఇంకో సరుకు ఎప్పుడో తీసేసుకుంది). ఇప్పుడు వాడేది పొగరాని మందు, 1884లో ఫ్రాన్సులో పాల్ వియే తయారుచేసిన దాని సంతతి. దీనికి మూలం నైట్రోసెల్యులోజ్. నైట్రోసెల్యులోజ్‌కి ముడిసరుకు ఎక్కువగా జిన్నింగ్ తర్వాత పత్తిగింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఫిరంగి గుళ్ల కోసం ప్రపంచమంతా దీని వెంట పడింది. దాంతో 2024లో అమెరికాలో డబ్బా మందు ధరలు పెరిగాయి.

ప్రైమర్లదీ ఇదే తంతు. అమెరికాలో వీటిని పెద్ద ఎత్తున చేసే పేర్లు నాలుగే: సీసీఐ, ఫెడరల్, వించెస్టర్, రెమింగ్టన్. వీటిలో వించెస్టర్ తప్ప మిగతా మూడూ ఇప్పుడు ఒకే యాజమాన్యం కింద, చెక్ దేశపు సీఎస్‌జీ గ్రూపు చేతిలో ఉన్నాయి. 2020లో కొవిడ్ సమయంలో వెయ్యి ప్రైమర్ల పెట్టె దొరకడమే గగనమైంది. ‘కలిసి కొనుక్కుందాం’ అన్న ఆలోచన ఇలాంటి కరువు రోజుల్లోనే బలపడుతుంది.

మర ఎందుకు అంత తేలిగ్గా చేతులు మారుతుంది

పనంతా చేసేది ప్రెస్. చెరుకురసం బండిలా తిప్పేది కాదు, బోరింగు పంపులా పిడి కిందికి నొక్కేది. దాని తల మీద ‘డై’ అనే ఉక్కు అచ్చు బిగిస్తారు. పేలినప్పుడు ఉబ్బిన కేసును ఒక డై మళ్లీ సైజుకి తెస్తుంది, ఇంకోటి మూతి కొంచెం విప్పుతుంది, మరొకటి గుండును కూర్చోబెడుతుంది. తూటా రకం మారితే డైలు మారతాయి, ప్రెస్ మారదు.

ఇక్కడే పంచుకోవడానికి వీలు కల్పించిన చిన్న విషయం ఒకటుంది. దాదాపు అన్ని కంపెనీల డైలకీ బిగించే మరచుట్ల కొలత ఒకటే: అంగుళంలో ఎనిమిదిలో ఏడు వంతుల వ్యాసం, అంగుళానికి 14 చుట్లు. విస్కాన్సిన్‌లో చేసే లీ డై కొన్నా, నెబ్రాస్కాలో చేసే హోర్నడీ డై కొన్నా ఆర్సీబీఎస్ కంపెనీ ప్రెస్‌లో కూర్చుంటుంది. తలా ఒక సెట్టు డైలు తెచ్చుకుంటే ప్రెస్ ఒకటే చాలు. తాతల నాటి ఇనుప ప్రెస్‌లు కూడా ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. కాబట్టి కొత్తవాడికి పాతవాడు సామాను ఇవ్వడం ఈ లోకంలో మామూలే.

నలుగురు కలిస్తే ఎంత మిగులుతుంది

కింది ధరలు లెక్క కోసం అనుకున్నవి, మార్కెట్ రోజుకోలా ఉంటుంది. ప్రెస్, తూకం, మందు కొలిచే పరికరం, చిల్లర సామాను అంతా కలిపి 480 డాలర్లు అనుకుందాం. 9 ఎంఎం పిస్టల్ తూటా షాపులో 27 సెంట్లు, బ్రాస్ ఏరుకున్నదైతే ఇంట్లో చేస్తే 19 సెంట్లు. తూటాకి మిగిలేది 8 సెంట్లు. 480 డాలర్లు రాబట్టాలంటే ఒంటరివాడు 6,000 తూటాలు చేయాలి. నలుగురైతే తలా 1,500.

దూరం కాల్చే రైఫిల్ తూటా షాపులో డాలరు 60 సెంట్లు, ఇంట్లో 80 సెంట్లు అనుకోండి. అప్పుడు ఒక్కడికే 600 తూటాలతో పెట్టుబడి వచ్చేస్తుంది, నలుగురైతే తలా 150 చాలు.

ఈ లెక్కలో చాలామంది కలపనిది టైము. సాదా ప్రెస్ మీద పిడి నొక్కిన ప్రతిసారీ ఒక్క కేసుకి ఒక్క పని మాత్రమే జరుగుతుంది. గంటకు 60 పిస్టల్ తూటాలు వచ్చాయనుకుంటే మిగిలేది 4 డాలర్ల 80 సెంట్లు. అదే టైము ఓ కాఫీ షాపులో పనిచేసినా ఇంతకంటే ఎక్కువే వస్తుంది. రైఫిల్ తూటాలు గంటకు 40 చేసినా 32 డాలర్లు మిగులుతాయి. అందుకే పాత రీలోడర్లని అడిగితే పిస్టల్ వాళ్లు ‘డబ్బు మిగలదు, అదే డబ్బుతో ఎక్కువ కాల్చుకుంటాం’ అంటారు. రైఫిల్ వాళ్లు డబ్బు మాటే ఎత్తరు. తమ తుపాకికి నప్పే తూటా షాపులో దొరకదు అంటారు. రెండూ నిజమే. ఎవరి కోసం చేస్తున్నామన్నది తేలకుండా ‘రీలోడింగ్ చవకా కాదా’ అని వాదించుకోవడం వృథా.

మందు లెక్క వేరే కొలమానంలో నడుస్తుంది. దీన్ని గ్రెయిన్లలో తూస్తారు. పౌనుకి 7,000 గ్రెయిన్లు. కంసాలి గురివింద గింజ బరువులో సుమారు సగం ఒక గ్రెయిన్. మచ్చుకి తూటాకి 5 గ్రెయిన్లు పట్టే చోట పౌను డబ్బా 1,400 తూటాలకు వస్తుంది, 40 పట్టే చోట 175కే అయిపోతుంది. ఇవి భాగహారం కోసం తీసుకున్న అంకెలు, ఏ తూటాకీ కొలతలు కావు. అసలు కొలతలు కంపెనీల రీలోడింగ్ మాన్యువళ్లలో తూటా వారీగా, గుండు వారీగా, మందు వారీగా ఉంటాయి. ప్రతిదానికీ మొదలుపెట్టే కొలత, దాటకూడని కొలత రెండూ ఇస్తారు. పిస్టల్ తూటాల్లో ఆ రెంటి మధ్య తేడా చాలాసార్లు అర గురివింద కూడా ఉండదు.

ఉమ్మడి బల్ల మీద తేడా ఎక్కడొస్తుంది

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంటారు. ఎవరికి వారు ఇంకొకరు చూసుకుంటారులే అనుకోవడం వల్ల. రీలోడింగ్‌లో ఆ సామెత అక్షరాలా జరుగుతుంది, కాకపోతే ఇక్కడ పుచ్చేది గొర్రె కాదు.

మందు కొలిచే పరికరంతో మొదలుపెడదాం. అది తూచదు, పరిమాణంతో కొలుస్తుంది, మన సోలా తవ్వా లాగ. సోలెడు బియ్యం బరువు వేరు, సోలెడు అటుకుల బరువు వేరు కదా? ఒక మందుకి సరిపెట్టిన పరికరంలో ఇంకో మందు పోస్తే బరువు పూర్తిగా మారిపోతుంది. ఒంటరిగా పనిచేసేవాడికి నిన్న తానేం సరిపెట్టాడో తెలుసు. నలుగురు వాడే బల్ల మీద మంగళవారం ఒకడు మరమేకు తిప్పి వెళ్తాడు, శనివారం వచ్చినవాడు తిప్పలేదనుకుంటాడు. అంతకన్నా ఘోరం, పరికరం తొట్టిలో మిగిలిపోయిన మందు. పొగరాని మందులు ఎన్నో రకాలు, చాలావాటికి రూపం ఒకటే: బూడిదరంగు రవ్వ. కంటితో చూసి ఏదో చెప్పగలిగేవాడు లేడు. అందుకే బల్ల మీద ఒకసారికి ఒక్క డబ్బానే ఉండాలన్నది, ఏ మందో తెలియనిదాన్ని వాడకుండా పారేయాలన్నది ఈ వృత్తిలో అందరూ ఒప్పుకునే రెండు కట్టుబాట్లు. మిగతా అన్నింటి మీదా కొట్టుకుంటారు.

తర్వాతది రెండుసార్లు పోయడం, అసలు పోయకపోవడం. మధ్యలో ఫోన్ వచ్చి, లేదా పక్కనున్న కొత్తవాడు ‘అన్నా, ఇదేంటి?’ అని అడిగి, చేతిలో ఉన్న కేసులో మందు పోశామో లేదో మర్చిపోవడానికి క్షణం చాలు. రెండుసార్లు పడితే పీడనం తుపాకి తట్టుకోలేనంత పెరగవచ్చు. అసలు పడకపోతే? ప్రైమర్ నిప్పు ఒక్కటే గుండును గొట్టం సగం దాకా నెట్టి అక్కడ ఇరికిస్తుంది. శబ్దం తుస్సుమంటుంది. ‘పేలలేదు’ అనుకుని రెండోది కాలిస్తే వెనకొచ్చిన గుండుకి దారి ఉండదు, గొట్టమే చీలిపోవచ్చు. చిత్రమేమిటంటే నేర్పించే గంటల్లోనే మాటలు ఎక్కువ, అంటే ఈ పొరపాటుకు అవకాశమూ అప్పుడే ఎక్కువ. కొందరు గురువులు దీనికి విరుగుడుగా కేసులో సగానికి పైగా నిండే రకం మందును కొత్తవాళ్లకి ఎంచుతారు. రెండోసారి పోస్తే పొర్లిపోయి కంటికి తెలుస్తుంది. చవకగా వచ్చేది గుప్పెడు కాకుండా చిటికెడు పట్టే మందు కాబట్టి, లెక్కలు చూసుకునేవాళ్లు అటు మొగ్గుతారు.

ఇక బకెట్. నలుగురు ఏరిన బ్రాస్ ఒకే బకెట్లో పడితే అందులో ఏముందో బకెట్‌కే తెలియాలి. పిస్టల్ సైజుల్లోనే 9 ఎంఎం కేసు .40 కేసులో దూరి కూర్చుంటుంది. .380ది 9 ఎంఎంలా కనిపిస్తుంది. .45 ఆటోలో కొన్నింటికి పెద్ద ప్రైమర్ గుంట, కొన్నింటికి చిన్నది. సైన్యం కేసుల్లో ప్రైమర్ చుట్టూ నొక్కి బిగించి ఉంటుంది, గోడలూ మందంగా ఉండొచ్చు, అంటే లోపల జాగా తక్కువ, అదే మందుకి పీడనం ఎక్కువ. విదేశీ కేసుల్లో కొన్ని బెర్డాన్ రకం. వాటికి నడిమధ్యన ఒక రంధ్రం బదులు పక్కల రెండు ఉంటాయి, డైలో పిన్ను విరుగుతుంది. (బెర్డాన్ అమెరికావాడు, ఆయన పద్ధతి యూరప్‌లో పాతుకుంది. ఒక రంధ్రం పద్ధతి బాక్సర్‌ది, ఆయన ఇంగ్లీషువాడు, ఆయనది అమెరికాలో స్థిరపడింది.)

రైఫిల్ దగ్గర ఇంకో మెలిక ఉంది, పంచుకునేవాళ్లకి ఇదే ఎక్కువ కష్టం. కేసు పేలినప్పుడు ఆ తుపాకిలో తూటా కూర్చునే గదికి సరిగ్గా అచ్చుపోసినట్టు ఉబ్బుతుంది. ఒకే రకం రైఫిళ్లు రెండున్నా గదుల కొలతల్లో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. డైని ఒకరి రైఫిల్‌కి సరిపెట్టుకుంటే అదే సెట్టింగులో చేసిన తూటా రెండోవాడి రైఫిల్లో దూరకపోవచ్చు. పోనీ అందరికీ సరిపోయేలా ఎక్కువ కుదిస్తే, కేసు ప్రతిసారీ సాగి, కుదించుకుని, సాగి, నాలుగైదు వాడకాల్లోనే అడుగున చిట్లుతుంది. ఒకరి తుపాకిలో హాయిగా పేలిన మందు కొలత ఇంకొకరి తుపాకిలో గరిష్ఠం దాటిపోవడమూ ఇందుకే. కుట్టించుకున్న చొక్కా లాంటిది, దోస్తు అడిగాడని ఇచ్చినా వాడికి భుజాల దగ్గర పట్టేస్తుంది.

కొత్తవాడి చేతికి ఏ ప్రెస్?

ఇక్కడ రెండు వర్గాలున్నాయి. ఒక వర్గం సాదా ప్రెస్‌తోనే మొదలెట్టాలంటుంది: ఒక పని, ఒక కేసు, ఆగు, చూడు. యాభై కేసుల్లో మందు పోశాక ట్రేలో వరసగా పెట్టి లైటు వేసి తొంగిచూస్తే ఏది ఖాళీయో, ఏది ఎక్కువో తెలిసిపోతుంది. రెండో వర్గం ప్రోగ్రెసివ్ ప్రెస్ వైపు. డిల్లన్ కంపెనీ పేరు వినే ఉంటారు. పిడి ఒకసారి నొక్కితే నాలుగైదు కేసులకు నాలుగైదు పనులు ఒకేసారి జరుగుతాయి, గంటకు వందల్లో తూటాలు వస్తాయి. కేసు తనంతట తనే ముందుకు జరిగే రకమైతే ఒకే కేసులో రెండుసార్లు మందు పడే ప్రమాదం నిజానికి తక్కువని వీళ్ల వాదన. అదీ నిజమే. కాకపోతే మధ్యలో ఏదైనా ఇరుక్కుంటే, పిడి సగంలో ఆపి సర్దుతున్నప్పుడు ఏ కేసు ఏ దశలో ఉందో తెలిసినవాడికే తెలుస్తుంది.

ఉమ్మడి బల్లకి వచ్చేసరికి నా మొగ్గు సాదా ప్రెస్‌కే. వేగం కోసం కాదు. పని మధ్యలో వదిలి వెళ్తే తర్వాత వచ్చినవాడు పాడు చేయడానికి దాంట్లో ఏమీ మిగలదు.

చేసినవాడొకడు, పేల్చేవాడొకడు

ఇంకొకరు చేసిన రీలోడ్‌ని తుపాకిలో పెట్టకూడదన్నది పాతవాళ్ల మాట. అతిజాగ్రత్త అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు: ‘పదేళ్లుగా కలిసి చేసుకుంటున్నాం, ఏమైంది?’ అంటారు. తుపాకి కంపెనీలు మాత్రం పాతవాళ్ల పక్షమే. చాలా కంపెనీల వారంటీ కాగితంలో రీలోడ్ తూటాల వల్ల పాడైతే బాధ్యత మాది కాదని రాసి ఉంటుంది. రీలోడ్‌లను లోపలికి రానివ్వని రేంజిలూ ఉన్నాయి.

డబ్బు చేతులు మారితే చట్టం రంగంలోకి దిగుతుంది. సొంత వాడకానికి చేసుకోవడానికి అమెరికా ఫెడరల్ చట్టంలో ఏ లైసెన్సూ అక్కర్లేదు. అమ్మే వ్యాపారంగా చేస్తే తయారీదారు లైసెన్సు కావాలి. టైప్ 06 అంటారు, మూడేళ్లకి 30 డాలర్లు. ఫీజు చూసి ఇంతేనా అనిపిస్తుంది గానీ, దాని వెనక రికార్డులు, తనిఖీలు, అమ్మకాల మీద 11 శాతం ఎక్సైజు పన్ను వరసగా వస్తాయి. వ్యాపారం అంటే ఏమిటన్నది చట్టం నిర్వచించింది: జీవనం, లాభం ప్రధాన ఉద్దేశంగా, క్రమం తప్పకుండా చేసే పని. నలుగురు దోస్తులు ప్రైమర్ల పెట్టె ఖర్చు పంచుకోవడం దాని కిందికి రాదు. ‘సరుకు ఖర్చు, పైన నా చేతికూలి’ అని ప్రతి నెలా పక్క వీధివాళ్లకి డబ్బాలు ఇవ్వడం మొదలైతే ఆ గీత దగ్గరికి వచ్చేసినట్టే.

వీసా ఉన్న తమ్ముడు, గ్రీన్‌కార్డ్ ఉన్న అన్న

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఒక గరాజు ఊహించుకోండి. ఇల్లు గ్రీన్‌కార్డ్ ఉన్న అన్నది. ఆఫీసులో పక్క సీటు హెచ్-1బి మిత్రుడు, ఊరివాడే అయిన ఎఫ్-1 విద్యార్థి ఒకడు. ‘రా తమ్ముడూ, నేర్పిస్తా, ఇందులో తుపాకి ఎక్కడుంది? ఇత్తడీ ఇనుమే కదా’ అంటాడు అన్న.

అక్కడే ఉంది అసలు కిటుకు. ఫెడరల్ చట్టం ‘అమ్యూనిషన్’ అన్న మాటకి ఇచ్చిన నిర్వచనంలో తయారైన తూటా ఒక్కటే లేదు. కేసులు, ప్రైమర్లు, గుళ్లు, తుపాకి కోసం చేసిన మందు విడివిడిగా కూడా అందులోకే వస్తాయి. ప్రెస్, డై, తూకం మాత్రం రావు. అంటే అన్న ఆ గరాజులోని ఇనుప సామానంతా ఎవరికైనా నిక్షేపంగా ఇవ్వచ్చు. ప్రైమర్ల పెట్టె చేతికిచ్చే సరికి చట్టం దృష్టిలో తూటాలు ఇచ్చినట్టే.

అదే చట్టంలో ఇంకో సెక్షన్, 922 (జి)(5). తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లు, అంటే హెచ్-1బి, ఎఫ్-1, హెచ్-4, బి-2 అందరూ, తుపాకి గానీ అమ్యూనిషన్ గానీ దగ్గర ఉంచుకోకూడదు. 1998 నుంచి ఉన్న నిషేధం ఇది. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకి వర్తించదు. దగ్గర ఉంచుకోవడం అంటే కొనడమే అనుకోవద్దు, తన అధీనంలో ఉన్నా చాలు. ఇచ్చినవాడికీ తప్పు లేదనుకోవద్దు: నిషేధం ఉన్నవాడని తెలిసి, లేదా అనుమానించదగ్గ కారణం ఉండీ ఇవ్వడం 922 (డి) కింద నేరం. 2022 చట్ట సవరణ తర్వాత రెండింటికీ గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు.

మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మనవాళ్లకి పనికొచ్చేది ఒకటి: ఏదో ఒక రాష్ట్రం జారీచేసిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే నిషేధం వర్తించదు. రేంజికి వెళ్లే హెచ్-1బి వాళ్లు ఎన్నడూ జింకను చూడకపోయినా పర్సులో హంటింగ్ లైసెన్సు పెట్టుకుని తిరగడానికి కారణం ఇదే. లైసెన్సు తేదీ దాటిన మర్నాడు నిషేధం మళ్లీ వచ్చేస్తుంది. ఇంట్లో డబ్బాలో ఉన్న ప్రైమర్లతో సహా.

వీసా స్టేటస్ పోయినవాళ్లకి ఈ మినహాయింపు కూడా లేదు. దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రహైఫ్ కేసు. యూఏఈ నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చిన కుర్రాడు. మార్కులు రాక యూనివర్సిటీ నుంచి తీసేశారు. తర్వాత ఫ్లోరిడాలో ఒక రేంజికి వెళ్లి రెండు తుపాకులు కాల్చాడు. శిక్ష పడింది. సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ఆ తీర్పును నిలబెట్టలేదు: తుపాకి ఉందని తెలియడం ఒక్కటే చాలదు, తాను ఆ నిషేధిత వర్గంలో ఉన్నానని నిందితుడికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలి అంది. దీన్ని కొందరు ‘చట్టం తెలియదంటే వదిలేస్తారు’ అని అర్థం చేసుకుంటారు. కాదు. స్టేటస్ పోయిందని తెలియకపోవడం వేరు, స్టేటస్ పోతే తుపాకి ముట్టకూడదన్న చట్టం తెలియకపోవడం వేరు. తన పాస్‌పోర్టు మీద వీసా రకం ఏమిటో తెలియని ఎఫ్-1 విద్యార్థి ఉండడు కదా.

కాబట్టి ఫ్రిస్కో గరాజులో విద్యార్థి కుర్చీ వేసుకుని చూడటం ఒకటి, పిడి పట్టుకుని ప్రైమర్లు బిగించడం ఒకటి. ఎవరో పక్కన నిలబడి ఉంటే అధీనం ఎవరిదన్న ప్రశ్న మీద లాయర్లు రెండు వైపులా వాదించగలరు. ఆ వాదన మనవాడి మీద జరగాలా అన్నది వేరే ప్రశ్న.

రాష్ట్రాల చట్టాలు దీని పైన ఇంకో పొర. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి తూటాలు కొన్న ప్రతిసారీ నేర చరిత్ర తనిఖీ పెట్టారు, దాని మీద కోర్టు పోరాటం నడుస్తూ వచ్చింది. టెక్సాస్‌లో అలాంటిది లేదు.

గరాజులో నిల్వ, చేతులకు సీసం

నలుగురి సరుకు ఒకే ఇంట్లో చేరితే నిల్వ పరిమితి కూడా ఆ ఒక్క ఇంటికే లెక్క. చాలా ఊళ్లు పాటించే, అమెరికా అగ్నిప్రమాద భద్రతా సంస్థ ఎన్ఎఫ్‌పీఏ వారి 495 ప్రమాణం ప్రకారం నివాస గృహంలో పొగరాని మందు 20 పౌన్ల దాకా, అదీ కంపెనీ డబ్బాల్లోనే. అది దాటి 50 పౌన్ల వరకైతే అంగుళం మందం చెక్కపెట్టెలో ఉండాలి. ప్రైమర్లు 10,000 మించకూడదు. తలా ఐదు వేలు కొని ఒకే గరాజులో పెడితే నలుగురికి ఇరవై వేలు, అంటే రెట్టింపు.

ప్రైమర్లలో వాడేది ఎక్కువగా సీసం సమ్మేళనం. పేలిన కేసుల్ని పొడి గింజల్లో వేసి దొర్లించి శుభ్రం చేసేటప్పుడు లేచే దుమ్ములో ఆ సీసమే ఉంటుంది. ఇంట్లో పాకే పిల్లలున్నవాళ్ల గరాజు ఉమ్మడి బల్లకి సరైన చోటు కాకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

అదే ప్రెస్ హైదరాబాద్ వస్తే

ఇక్కడ షూటింగ్ అనగానే మనకి గుర్తొచ్చే పేర్లు గగన్ నారంగ్, ఈషా సింగ్. గగన్‌కి 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, అందులో మందే ఉండదు. ఈషా ఆడే 25 మీటర్ల పిస్టల్‌లో .22 తూటా. దానికి విడిగా ప్రైమర్ లేదు, నిప్పు పుట్టించే పదార్థం కేసు అంచులోనే పోసి ఉంటుంది కాబట్టి మామూలుగా రీలోడ్ చేసేది కాదు. అంటే మన క్రీడాకారులు పైకొచ్చిన దారిలో ఈ గరాజు విద్యకి పనే పడలేదు.

చట్టం అయితే పూర్తిగా తిరగబడుతుంది. 1959 ఆయుధాల చట్టం అమ్యూనిషన్ నిర్వచనంలో తూటాల భాగాలతో పాటు వాటిని తయారుచేసే యంత్రాన్నీ చేర్చింది. అమెరికాలో ఎవరికైనా ఇచ్చేయగలిగిన ఇనుప ప్రెస్ ఇక్కడ అచ్చంగా మందుగుండు లెక్కలోకి వస్తుంది. లైసెన్సు లేకుండా తయారుచేస్తే 2019 సవరణ ప్రకారం ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష. తిరిగొచ్చేస్తున్న అన్న సామాను కంటైనర్లో డ్రిల్లింగ్ మిషన్ పక్కన ఆ ప్రెస్‌ని కూడా సర్దితే, దిగేది డ్రిల్లింగ్ మిషన్‌గా కాదు. ప్రెస్‌ని ఫ్రిస్కోలో ఎవరి గరాజులోనైనా వదిలేసి రావడమే మేలు. తీసుకునేవాడి వీసా ఏదైనా, ఒట్టి ప్రెస్‌కైతే ఫెడరల్ చట్టంతో పేచీ లేదు. పక్కనున్న ప్రైమర్ల పెట్టె ఎవరికివ్వాలన్నదే చూసుకోవాలి.